తిరిగే సీటు

ఫణిభూషణ్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఆ కాలనీలో లేరు. తుర్కపల్లిలోని మందుల కంపెనీకి తీసుకెళ్ళే క్యాబ్‌లో కూడా సీటు అంచునే కూర్చుంటాడు, డ్రైవరుకంటే ముందు తనే గాలిలో బ్రేకు తొక్కుతుంటాడు. కంపెనీలో ఆయన పని మెషిన్లు ఆగకుండా చూసుకోవడం. ఇంట్లో కూడా అదే ఉద్యోగం అనుకుంటాడు పాపం. కారని కుళాయికి కూడా వాషరు మారుస్తాడు. అలాంటి మనిషి భార్య ఇంట్లోంచి కదలడం మానేసింది. ఇక ఆయనకి నిలకడ ఎక్కడ్నుంచి వస్తుంది?

ఆవిడ పేరు బాలాత్రిపురసుందరి. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఆయనకి ఎలాగూ లేదు కాబట్టి బాల. ఇద్దరిదీ తణుకు వైపు. ఉద్యోగం కోసం మేడ్చల్ వచ్చి, ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. బాల దగ్గర్లోని ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. స్కూటీ మీద వెళ్ళి స్కూటీ మీద వచ్చేది, దారిలో కూరగాయలు, కరెంటు ఆఫీసు, బ్యాంకు అన్నీ ఆవిడే చూసుకునేది. పోయినేడాది వానల్లో, హైవే పక్కన వెనక్కి వస్తున్న ఒక లారీ ఆ స్కూటీని చూసుకోలేదు. ప్రాణం దక్కింది. ఎడమకాలు మోకాలి కిందనుంచి దక్కలేదు.

పెట్టుడు కాలు పెట్టించారు గానీ అది రాసుకుని పుండు పడింది. పూర్తిగా మానేదాకా చంకకర్రలతోనే నడవమన్నాడు డాక్టరు. ఆవిడ వాటితోనే ఇల్లంతా తిరుగుతుంది, వంట చేస్తుంది, ఇంటికొచ్చిన పిల్లలకి లెక్కలు చెబుతుంది. గేటు మాత్రం దాటదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున క్యాబ్ డ్రైవరు ఒకవైపు, ఫణిభూషణ్ ఒకవైపు చేతులు వేసి ఆవిణ్ణి కారులోంచి ఎత్తి కిందకి దించారు. వీధిలో నలుగురు నిలబడి చూశారు. "ఎక్కించి దింపడానికి నేను బియ్యం బస్తానా?" అంది ఆ సాయంత్రం. ఆ మాట తర్వాత పెళ్ళిళ్ళు పోయాయి, పేరంటాలు పోయాయి, స్కూలు వాళ్ళు రమ్మని కబురు పెడితే అదీ పోయింది. గేటు దగ్గరకి వెళ్ళిన మనిషి కూడా వెనక్కి వచ్చేస్తుంది.

ఫణిభూషణ్‌కి రాత్రీ పగలూ అదే ఆలోచన. బాల మళ్ళీ గేటు దాటాలి. తనంతట తను దాటాలి, ఎవరూ ఎత్తకుండా దాటాలి. దాటకపోతే ఈ మనిషి ఇలాగే కిటికీ పక్కన ముడుచుకుపోతుందని ఆయన భయం. ఆ భయం పట్టుకున్నాక అసలే నిలవని కాళ్ళు ఇంకా నిలవడం మానేశాయి.

అప్పుడు దొరికింది ఆ కారు. జీడిమెట్లలో ఒక షెడ్డు వెనక, పిచ్చిమొక్కల మధ్య, నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయి ఉంది. వెనకభాగం పొడుగ్గా సాగి, వెనక తలుపు మీదకి లేచే పాతకాలపు ఎస్టేట్ కారు. దాన్ని చూపించినవాడు ఎల్లేష్. సూరారంలో ఉంటాడు, వారమంతా ఒక వర్క్‌షాపులో వెల్డింగ్ పని, ఆదివారాలు ఎవరి బండి పిలిస్తే వాళ్ళ దగ్గరకి వెళ్ళే పని. లోపల కోళ్ళు కాపురం ఉన్నాయి. ఎల్లేష్ వాటిని అదిలించి తలుపు ఎత్తి పట్టుకున్నాడు.

"సూడుర్రి సార్, రేపు అమ్మకు చక్రాల కుర్చీ కొన్నా మడతబెట్టకుండనే లోపలికి తోయొచ్చు. గిసోంటి బండ్లు ఇప్పుడు రావు. ఇంజిన్ మస్తుగుంది, పైన తుప్పే జర ఎక్కువున్నది."

జర అన్నది ఎల్లేష్ మర్యాద. ఇంటికి తెచ్చి పోర్టికోలో జాకీల మీద ఎత్తాక తెలిసింది, కాళ్ళు పెట్టుకునేచోట కిందకి చూస్తే నేల కనిపిస్తోంది. ఫణిభూషణ్ బెదరలేదు సరికదా సంబరపడ్డాడు. చేయడానికి అంత పని దొరకడం ఆయనకి పండగే. అడుగున కొత్త రేకులు వేసి వెల్డింగ్ చేశారు. సొట్టలు తీశారు, పుట్టీ పెట్టారు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది ఫణిభూషణ్ వేళ్ళు గరుకెక్కాయి. అంతటితో ఊరుకున్నాడా? కొత్త ఏసీ అన్నాడు, వెనక కెమెరా అన్నాడు, పాత లైట్లు తీసి తెల్లటివి పెట్టించాడు. కంపెనీలో ఉండగా కూడా కాగితాల వెనక ఆ కారు బొమ్మలే గీసేవాడు.

పక్కింటి చలపతిరావు, కాలనీ సంఘానికి అధ్యక్షుడు, గోడ మీదనుంచి తొంగి చూసి పోయేవాడు. "ఫణిగారూ, గ్రైండరు మోత కాస్త తగ్గిస్తారా? ఆదివారం ఒక్కటే కదండీ నిద్రకి" అనేవాడు. "అయిపోయిందండీ, అయిపోయింది" అంటూ ఈయన ఇంకో రేకు అందుకునేవాడు.

బాల హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఇదంతా చూసేది. ఒకటి రెండుసార్లు ఆయన నీళ్ళకోసం లోపలికి వచ్చినప్పుడు పిలిచింది. "ఏవండీ, ఒక్క నిమిషం కూర్చోండి. ఆ కారు సంగతే ఒక మాట."

"వస్తున్నా, వస్తున్నా. ఎల్లేష్ చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాడు" అని గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తేవాడు. ఆ ఒక్క నిమిషం ఆయన దగ్గర ఎప్పుడూ లేదు. భార్య కోసమే చేస్తున్న పనిలో భార్య మాట వినే తీరిక లేకపోయింది. ఇలాంటి మగవాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఫణిభూషణ్ పెయింటు కోసం మేడ్చల్ వెళ్ళి వచ్చేసరికి ఎల్లేష్ కారు కింద పని ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. మొహం అదోలా ఉంది.

"సార్, ఒక ముచ్చట. పరేషాన్ గాకుర్రి."

"ఏమైంది? ఇంజినా?"

"ఇంజిన్ గాదు, అమ్మ. మీరు వోయినంక కిటికీల నుంచి పిలిచింది. గీ బండి మంచిగైనంక పంపిచ్చేస్తదట. మీ సారుకు చెప్పు అన్నది. నేనేమంట, తలకాయ ఊపిన."

ఫణిభూషణ్ చేతిలో పెయింటు డబ్బా చేతిలోనే ఉండిపోయింది. "పంపించేస్తానందా? ఎక్కడికి?"

"గది చెప్పలే సార్. గట్టిగనే అన్నది. అని లోపటికి వోయింది."

ఇన్ని వారాలు ఎవరికోసం రేకులు కోసుకున్నాడు? సరే, అడుగుదామని లోపలికి వెళ్ళాడు. బాల వంటింట్లో స్టూలు మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు చూసింది. ఫణిభూషణ్ నోరు తెరిచాడు. అడిగితే ఆవిడ నేరుగా మొహం మీదే 'అవును, పంపించేస్తాను' అంటుందేమోనని భయమేసింది. అన్నాక ఇక చేయడానికేం ఉండదు. అడగకపోతే కాస్త సమయం ఉంటుంది. "ఎల్లేష్‌కి టీ" అన్నాడు. బాల మళ్ళీ వంకాయల మీదకి తల వంచేసింది.

ఆ రోజునుంచి ఆయన అసలే పట్టపగ్గాలు లేని మనిషి, పూర్తిగా చేయి దాటిపోయాడు. ఒకసారి అందులో కూర్చుని షామీర్‌పేట చెరువుదాకా వెళ్ళొస్తే ఆవిడ మనసు మారుతుందని ఆయన నమ్మకం. ఆలోగా కారు ఇంట్లోంచి పోకూడదు. ఎవరైనా కొనేవాణ్ణి పిలిచి ఇచ్చేస్తుందేమోనని తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని కంపెనీకి వెళ్ళేవాడు. మీటింగులో కూర్చుని జేబు తడుముకునేవాడు. క్యాబ్ దిగగానే ముందు గేటులోంచి కారు ఉందా లేదా చూసేవాడు. ఉదయం క్యాబ్ వచ్చేలోగా ఒక బోల్టు, సాయంత్రం చీకటి పడేలోగా ఒక వైరు.

అప్పుడే ఆయనకి సీటు ఆలోచన వచ్చింది. ఎడమవైపు ముందు సీటు కిందభాగం పీకేసి, అక్కడ సెలూన్ కుర్చీలకి ఉండే తిరిగే చక్రం బిగించాలి. తలుపు తీసి, మీట నొక్కితే సీటు బయటవైపు తిరుగుతుంది. బాల చంకకర్రలు పక్కన పెట్టి, మామూలు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. మళ్ళీ తిప్పితే కారులో ఉంటుంది. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

ఎల్లేష్ విని తల గోక్కున్నాడు. "అమ్మను అడిగిన్రా సార్?"

"అడిగేదేముంది, ఆమె కోసమే కదా."

ఆ సీటు ఏడిపించింది. ఒకసారి తలుపుకి తగిలింది, ఒకసారి సగంలో బిగుసుకుపోయింది. ఇంకోసారి దానంతటది గిర్రున తిరిగి ఎల్లేష్‌ని తెచ్చి పోర్టికోలో పడేసింది. చివరికి దారికొచ్చింది. ఈలోగా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. బాల ఇక "ఒక్క నిమిషం" అని కూడా పిలవడం లేదు. అన్నం పెట్టేది, ఆయన తిని లేచేవాడు. కిటికీ రెక్క ఒకటి వేసేసి ఉంటోందని కూడా ఆయన గమనించాడు. గమనించి, ఇంకా తొందరపడ్డాడు.

కారు సిద్ధమైన ఆదివారం ఉదయం ఎల్లేష్ బానెట్ మీద గుడ్డతో ఆఖరిసారి తుడిచాడు. లేత నీలం రంగు. పొడుగ్గా, నిండుగా, ఏ కాలంలోంచో తప్పిపోయి వచ్చినట్టు మెరుస్తోంది. ఫణిభూషణ్ దాన్ని నడిపి గేటు బయట వీధిలో పెట్టాడు. హారన్ విని చలపతిరావు కూడా లుంగీ సవరించుకుంటూ వచ్చాడు. ఫణిభూషణ్ లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కోకుండానే, బాల ముందు నిలబడ్డాడు.

"ఒక్కసారి రా బాలా. ఒక్కసారి కూర్చో. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆవిడ ఆయన మసిచేతుల వంక చూసింది. ఆ తర్వాత చంకకర్రలు అందుకుంది. "నేనూ ఒక మాట తేల్చుకోవాలి" అంది.

గేటు దాకా వచ్చింది. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆవిడ గేటు దాటింది. ఆయన గబగబా ముందుకెళ్ళి ఎడమ తలుపు తీసి మీట నొక్కాడు. సీటు బుద్ధిగా బయటికి తిరిగి నిలబడింది. బాల దానివంక చూసింది, ఆయనవంక చూసింది, చంకకర్రలు టకటకలాడించుకుంటూ బానెట్ చుట్టూ తిరిగి అవతలివైపు, స్టీరింగ్ వైపు వెళ్ళింది.

"అటు కాదు. ఇటు, ఇటు. సీటు నీకోసమే చేయించాను."

"మీకు చెప్పమని ఎల్లేష్‌తో చెప్పాను కదా" అంది బాల. "మీరు ఒప్పుకోలేదని అప్పుడే అర్థమైంది. తాళం జేబులో వేసుకుని ఆఫీసుకి వెళ్ళారు. కుంటిదానికి ఎందుకివ్వాలనుకున్నారు. ఆ ముక్క నా మొహాన చెప్పేస్తే పోయేది కదా."

"ఎక్కడ పంపించేస్తావోనని దాచాను" అన్నాడు ఫణిభూషణ్ అయోమయంగా. "బాగయ్యాక కారు పంపించేస్తానన్నావట కదా."

"పంపించడమేంటి? ఎక్కడికి పంపిస్తాను?"

ఇద్దరూ ఎల్లేష్ వైపు తిరిగారు. ఎల్లేష్ చేతిలో గుడ్డ నలిపేస్తున్నాడు. "అమ్మ, మీరే గద అన్నరు."

"ఏమన్నాను? నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు."

"ఈ బండి బాగవగానే నేనే తోలతాను, మీ సారుకు చెప్పు అన్నరు."

"అవును, అదే అన్నాను. తోలతాననే అన్నాను."

"గదే గదమ్మా పంపుడంటే" అన్నాడు ఎల్లేష్ దీనంగా. "మా దిక్కు బిడ్డను అత్తగారింటికి తోలినం అంటం. తోలుడంటే పంపుడే. బండినైతే నడుపుడంటం."

చలపతిరావు ముందు నవ్వాడు, నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఫణిభూషణ్‌కి నవ్వు రాలేదు. ఇన్ని వారాలు మనిషి తన కళ్ళెదుట ఒక జవాబు కోసం చూస్తూ కూర్చుంది, తను టీ అడిగాడు. బాల మాత్రం కారుకి ఆనుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ నవ్వు ఆ ఇంట్లో వినపడి చాలాకాలమైంది. నవ్వి నవ్వి ఆగి, పైటతో కళ్ళు ఒత్తుకుంది.

"మా నాన్న దగ్గర కోతల రోజుల్లో ట్రాక్టరు తోలేదాన్నని మీకు తెలుసు. స్కూటీతోపాటు కారుకి కూడా లైసెన్సు తీసుకున్నానని తెలుసు. మీరు ఈ బండి తెచ్చిన రోజునే అనుకున్నాను, నాకోసమే తెచ్చారని. పక్కన కూర్చోబెట్టడానికని అనుకోలేదు." కారు తలుపు మీద చెయ్యి వేసింది. "నవ్వు సరే. ఇప్పుడైనా తోలనిస్తారా?"

ఫణిభూషణ్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తగిలింది. తియ్యలేకపోయాడు. కళ్ళముందు వెనక్కి వస్తున్న లారీ ఉంది, నలిగిన స్కూటీ ఉంది. ఈవిణ్ణి బయటికి తేవాలని ఇంత తాపత్రయపడ్డాడు గానీ, ఆ బయటికి వెళ్ళేదారిలో స్టీరింగ్ తన చేతిలోనే ఉంటుందని ఎప్పుడూ అనుకున్నాడు. వేరేలా ఉండొచ్చని ఆయన బుర్రకి తట్టనే లేదు.

"బాలా, క్లచ్చు…" అన్నాడు. "ఎడమకాలు…"

"బ్రేకుకి కావలసింది కుడికాలు. అది ఉంది" అంది బాల.

"క్లచ్‌ను చేతికి పెట్టొచ్చు సార్" అన్నాడు ఎల్లేష్ మెల్లగా. "గేర్ రాడ్ కాడ మీట బిగిస్తరు. జల్దీనే అయితది. ఆర్టీఓ కాడ రాపిచ్చుకోవాలె, గంతే."

"అది తర్వాత మాట. ఇవాళ?" అంది బాల.

ఇవాళ కాదని చెప్పడానికి ఫణిభూషణ్ దగ్గర మంచి కారణాలే ఉన్నాయి. అయినా వీధివైపు చూశాడు. వాళ్ళ ఇంటి ముందునుంచి చివరి ప్రహరీ దాకా కాలనీ రోడ్డు వెడల్పుగా, నునుపుగా, మధ్యలో ఒక చిన్న మలుపుతో కిందకి వాలి ఉంది. అటు ఇళ్ళింకా కట్టలేదు. అంచున ఎత్తుగా మట్టి పోసి ఉంది.

"గేరు అక్కర్లేదు" అన్నాడు నెమ్మదిగా. "న్యూట్రల్‌లో పెడతాను. ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది, బ్రేకు మెత్తగా పడుతుంది. మేం వెనకనుంచి నెడతాం. స్టీరింగూ బ్రేకూ నీవి."

తాళంచెవి తీసి ఇచ్చాడు. బాల చంకకర్రలు ఎల్లేష్‌కి ఇచ్చి, తలుపు అంచు పట్టుకుని, తనే ఎక్కి కూర్చుంది. ఫణిభూషణ్ చేతులు రెండుసార్లు సాయానికి ముందుకొచ్చాయి, రెండుసార్లూ ఆయనే వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, తాళం తిప్పింది. పాత డీజిలు ఇంజిన్ ఒకసారి గొంతు సవరించుకుని అందుకుంది.

"మీరు ఎక్కరా?" అంది.

"నెట్టేవాడొకడు కావాలి కదా" అన్నాడు.

ఎల్లేష్ ఒకవైపు, ఫణిభూషణ్ ఒకవైపు వెనక తలుపుకి భుజాలు ఆనించారు. కొంచెం కదిలింది. ఇంకొంచెం కదిలింది. వాలు అందుకుంది. వాళ్ళు నడిచారు, వేగంగా నడిచారు, పరుగెత్తారు, ఇక అందలేదు. లేత నీలం కారు వాళ్ళ చేతుల్లోంచి జారి, మలుపు దగ్గర ఒద్దికగా పక్కకి తిరిగి, వంకర లేకుండా దిగువకి సాగిపోయింది. "బ్రేకు" అని అరవబోయాడు ఫణిభూషణ్. అంతలోనే వెనక ఎర్రలైట్లు వెలిగాయి. కారు నెమ్మదించింది, ప్రహరీకి ఎంతో ముందుగా, కుదుపు లేకుండా ఆగింది.

ఫణిభూషణ్ రోడ్డు మధ్య నిలబడిపోయాడు. కాళ్ళు ఎటూ వెళ్ళమనలేదు. ఏడాదిగా లోపల తరుముతున్నదేదో అక్కడితో ఆగిపోయింది. ఆయనకి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఎల్లేష్ అటు తిరిగి నిలబడ్డాడు.

వాళ్ళు దిగువకి చేరేసరికి బాల స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి కూర్చుని ఉంది. చెంపలు ఎర్రబడ్డాయి, జుట్టు చెదిరింది. ఫణిభూషణ్ కిటికీ దగ్గర వంగాడు. "దిగుతావా? నేను పైకి తీసుకెళ్తాను."

"నేను దిగను" అంది. "పైకి నెట్టండి. ఇంకోసారి."

అంత బరువైన కారుని ఎత్తు మీదకి ఇద్దరు నెట్టలేరు. ఎల్లేష్ వీధివైపు చూసి చెయ్యి ఊపాడు. అక్కడ చలపతిరావు అప్పటికే లుంగీ పైకి కట్టుకుని వస్తున్నాడు, ఆయన వెనక ఇంకా నలుగురున్నారు.